ఒకే కప్పు కింద మూడు వాతావరణాలు

పరాయి దేశంలో గ్రీన్‌హౌస్‌లో ఉద్యోగం అని చెప్తే అందరూ కూరగాయలో పూలో అనుకుంటారు. మేం పెంచేవి పురుగుల్ని పట్టి తినే మొక్కలు. వీనస్ ఫ్లైట్రాప్, సారసీనియా, నెపెంథిస్, డ్రాసెరా, పింగ్విక్యులా. స్కూల్ సైన్సు పుస్తకంలో కీటకాహార మొక్కలు అని ఒక పేరా చదివి వదిలేశాం, ఇప్పుడు నా వీసా, నా జీతం, నా నిద్ర అన్నీ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. నేనుండే చోట జనవరి రాత్రుల్లో మైనస్ 15 దాకా పడిపోతుంది, జులై మధ్యాహ్నాల్లో 40 దాటిన రోజులున్నాయి. గాజు కప్పు కింద ఇది ఇంకా ముదురుతుంది. ఎందుకంటే పగలు ఎండని లోపలికి రానిచ్చి వేడిని పట్టి ఉంచుతుంది, పొద్దుగూకితే ఆ వేడంతా అదే గాజులోంచి బయటికి పోతుంది.

కొత్తగా చేరినవాళ్లు, మాలో చాలామంది వేరే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లమే, చలి నుంచి మొక్కని కాపాడాలి, వేడి నుంచి కాపాడాలి అన్న ఆలోచనతో వస్తారు. అమ్మ కూడా ఫోన్‌లో అదే అడుగుతుంది, "అంత మంచులో అవి ఎట్లా బతుకుతాయి నాన్నా, కాస్త హీటర్ పెట్టొచ్చు కదా" అని. పెట్టొచ్చమ్మా, కానీ పెడితేనే చచ్చిపోతాయి అంటే నమ్మదు. ఫ్లైట్రాప్ సహజంగా పెరిగే చోటు ప్రపంచంలో ఒక్కటే, అమెరికా తూర్పు తీరంలో ఉత్తర, దక్షిణ కరొలినాల్లోని తడి ఇసుక నేలలు. అక్కడ చలికాలం ఉంది, కొన్ని రాత్రులు నేల గడ్డకడుతుంది కూడా. మూడు నాలుగు నెలలు మొక్క పెరగడం ఆపేసి, మట్టిలో ఉన్న తెల్లటి దుంపలో దాచుకున్న శక్తితో గడిపేస్తుంది. ఆ విశ్రాంతి లేకుండా ఏడాది పొడుగునా 22 డిగ్రీల గదిలో ఉంచితే మొదట్లో బాగానే కనిపిస్తుంది, తర్వాత ఆకులు చిన్నవైపోయి, బోన్లు నీరసంగా మూసుకుంటూ, ఏదో ఒక బూజుకి లొంగిపోతుంది. ఇళ్లల్లో కొనుక్కున్న ఫ్లైట్రాప్‌లు రెండో ఏడు చూడకుండా పోవడానికి ఇదొక పెద్ద కారణం, ఇంకొకటి కుళాయి నీళ్లు. నీళ్ల సంగతి తర్వాత చెప్తాను.

అందుకే మా దగ్గర ఒకే కప్పు కింద ప్లాస్టిక్ తెరలతో మూడు భాగాలు చేశారు. మొదటిది నిద్ర గది, ఫ్లైట్రాప్‌లు, సారసీనియాలు అందులో ఉంటాయి, నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా 1 నుంచి 7 డిగ్రీల మధ్య. రెండోది కొండ గది, ఎత్తయిన కొండల మీద పుట్టిన నెపెంథిస్‌లకి, హీలియాంఫోరాలకి. మూడోది పల్లపు అడవుల నెపెంథిస్‌ల గది, అక్కడ రాత్రి కూడా 20కి తగ్గకూడదు. మనిషిగా ఈ మూడింటి మధ్య తిరగడమే ఈ ఉద్యోగంలో కష్టమైన పని. పొద్దున నిద్ర గదిలో తడి పీట్‌లో (కుళ్లిన నాచుతో ఏర్పడ్డ మట్టి) చేతులు పెట్టి వేళ్లు మొద్దుబారిపోయాక, పదడుగులు నడిచి 27 డిగ్రీల ఉక్కలోకి వెళ్తే కళ్లద్దాలు ఒక్కసారిగా తెల్లబడిపోయి ఏమీ కనబడదు, పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది, ఆ తడి చొక్కాతోనే మళ్లీ బయట మంచులో వ్యాన్ దగ్గరికి నడవాలి. అందుకని ఉక్క గది పని మధ్యాహ్నం చివరికి పెట్టుకుని, అది అయ్యాక బట్టలు మార్చుకుని నేరుగా ఇంటికి వెళ్లిపోతాను. వచ్చిన కొత్తలో ఎవరూ చెప్పలేదు నాకు, అందుకే ఇప్పుడు ప్రతి కొత్త మనిషికీ ముందు ఇదే చెప్తాను.

చలికాలంలో అసలు టెన్షన్ మంచు రాత్రి కాదు, దాని తర్వాత వచ్చే ఎండ పగలు. ఫిబ్రవరిలో బయట మైనస్ 8 ఉన్నా మబ్బు లేకపోతే పదకొండు గంటలకల్లా గాజు కింద 25 అవుతుంది. నిద్రలో ఉన్న సారసీనియా వసంతం వచ్చేసిందనుకుని మొగ్గ కదిలిస్తుంది, అదే రాత్రి మళ్లీ సున్నాకి పడిపోతే ఆ లేత మొగ్గ నల్లగా మాడిపోతుంది. చలి ఒక్కటే అయితే ఏమీ అయ్యేది కాదు. సారసీనియా పర్‌ప్యూరియా కెనడా దాకా పెరుగుతుంది, న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్ ప్రాంతానికి అధికారిక పువ్వు కూడా అదే, దానికి గడ్డకట్టడం కొత్త కాదు. అందుకే నిద్ర గదిలో కిటికీలు 10 డిగ్రీలకే తెరుచుకునేలా పెట్టాం. బయట మంచు కురుస్తుంటే లోపల కిటికీలు తెరిచి ఫ్యాన్లు తిరుగుతుంటాయి, చూడ్డానికి పిచ్చిపనిలా ఉంటుంది కానీ మొక్కకి కావలసింది అదే. ఫ్యాన్లకి ఇంకో కారణం కూడా ఉంది. చల్లగా, తడిగా, గాలి కదలకుండా ఉన్నచోట బోట్రైటిస్ అనే బూడిదరంగు బూజు చచ్చిన కూజా (పురుగుల్ని పట్టే కూజా ఆకారపు ఆకు) మీద మొదలై బతికున్న దుంపలోకి దిగుతుంది. అందుకే చలికాలమంతా కత్తెర పట్టుకుని ఎండిన ఆకులు కత్తిరిస్తూనే ఉంటాం, మా పని గంటల్లో సగం అక్కడే పోతాయి.

కుండీ మొత్తం గడ్డకట్టాక దాని మీద ఎండ పడితే ఇంకో రకం దెబ్బ. ఆకులోంచి నీరు ఆవిరైపోతుంటుంది, వేళ్ల చుట్టూ ఉన్నది మంచు గడ్డ కాబట్టి ఒక్క చుక్క కూడా పైకి రాదు, కళ్ల ముందే మొక్క ఎండిపోతుంది, చుట్టూ నీళ్లున్నా. బయట బెంచీల మీద ఉంచినవాటిని అందుకే పైన్ ఆకులతో కప్పుతాం, లేదంటే తెల్లటి ఫ్లీస్ గుడ్డ వేస్తాం. వెచ్చదనం కోసం అనుకుంటారు చూసినవాళ్లు, నిజానికి ఎక్కువగా గాలినీ ఎండనీ ఆపడానికే.

ఇక వేడి. ఇది నాకు ఇష్టమైన విషయం, ఎందుకంటే అందరూ చూసే అంకె ఒకటి, చూడవలసిన అంకె ఇంకొకటి. జులైలో సందర్శకులు వచ్చి గోడ మీది థర్మామీటర్‌లో 36 చూసి అయ్యో అంటారు. నేను చూసేది రాత్రి ఎంతకి దిగిందన్నది. బోర్నియోలో కినబాలు కొండ మీద 1500 మీటర్ల పైన పెరిగే నెపెంథిస్ రాజా లాంటి మొక్కకి పగలు కాసేపు 32 అయినా ఓర్చుకుంటుంది, రాత్రి 15 దగ్గరికి దిగితే చాలు. పగలు ఎండలో చేసుకున్న చక్కెరని రాత్రి శ్వాసకి ఖర్చుపెడుతుంది మొక్క, రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. వారాల తరబడి రాత్రులు 24, 25 దగ్గరే ఆగిపోతే ఆకు చివర కూజా తయారవడం ఆగిపోతుంది, కొత్త ఆకు పాత ఆకు కన్నా చిన్నదవుతుంది. అది చచ్చిపోవడానికి నెలలు పడుతుంది కాబట్టి ఎవరూ వేడి వల్ల అనుకోరు. మన మేఘాలయ కొండల నెపెంథిస్ ఖాసియానా ఈ విషయంలో ఎంతో మెరుగు, మా కొండ గది ఏసీ పాడైన వేసవిలో రాజాలు ముడుచుకుపోతే ఇది కూజాలు వేస్తూనే ఉంది. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఇదొక్కటే, దాని పక్క నుంచి నడిచినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

పగటి వేడికి మా దగ్గరున్న ముఖ్యమైన ఆయుధం తడి ప్యాడ్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, మన ఇళ్లల్లో కూలర్ పనిచేసినట్టే. దీని హద్దు గాలిలో ఎంత తేమ ఉందన్న దాని మీద ఉంటుంది. బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే మంచి ప్యాడ్ గాలిని 26 దాకా దింపగలదు. అదే బయట 35, తేమ 70 శాతం అయితే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా 30 కిందికి రాదు. కాబట్టి వాన ముందు ఉక్కగా ఉండే రోజు నాకు ఎండ మండే రోజు కన్నా భయం. ఆ రోజు ఫాగర్లు (నీటిని పొగమంచులా చిమ్మేవి) ఆపేసి, 50 శాతం షేడ్ నెట్ లాగి, పైకిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడమే. సారసీనియాలకి ఇదేం పట్టదు, నిండు ఎండలో కాళ్లు నీళ్లల్లో పెట్టుకుని హాయిగా ఉంటాయి. డార్లింగ్టోనియా మాత్రం పేచీకోరు. కాలిఫోర్నియా, ఒరెగాన్ కొండవాగుల పక్కన చల్లటి నీళ్లు వేళ్లని తడుపుతూ పోయే చోట పుట్టింది, ఆకులు 30లో ఉన్నా ఫర్వాలేదు, వేళ్లు వేడెక్కితే పోతుంది. దాని కుండీలు తెల్లవి, ఒక కుండీలో ఇంకో కుండీ, పొద్దున్నే చల్లటి నీళ్లు పై నుంచి పారేలా పోస్తాం. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో చేత్తో ముట్టుకోలేనంత కాలుతుందని అందరికీ తెలుసు, లోపల వేరు ఉందన్న సంగతే గుర్తుండదు.

మనుషుల గురించి కూడా చెప్పాలి. మొక్కలకి సెన్సర్లున్నాయి, అలారాలున్నాయి, మాకు మొదట్లో ఏమీ లేవు. గతంలో నేను పనిచేసిన ఇంకో చోట మధ్యాహ్నం రెండింటికి, లోపల 42 ఉన్నప్పుడు, బెంచీలు కడిగించేవాళ్లు, వద్దు అనడానికి మాలో ఎవరికీ ధైర్యం ఉండేది కాదు, ఎందుకంటే వీసా వాళ్ల చేతిలో ఉంది. ఇది తప్పు, ఎవరైనా ఇలాంటి చోట ఉంటే నలుగురూ కలిసి అడగండి, ఒక్కరే అడిగితే ఆ ఒక్కరే పోతారు. ఇప్పుడున్న చోట వేసవిలో తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి పన్నెండుకి ఆపేస్తాం, మొక్కలకి కూడా ఆ వేళే మంచిది. చలికాలం రాత్రి డ్యూటీలు ఎక్కువగా మాకే పడతాయి, స్థానికులు సెలవులకి ఊళ్లెళ్లే వారాలే ఏడాదిలో అన్నిటికన్నా చల్లటివి, ఇక్కడ కుటుంబం లేనివాడు ఎలాగూ ఖాళీయే కదా అన్న లెక్క. నాకు అది బాధగానే ఉంటుంది. ఇంకొకటి, ఎండు స్ఫాగ్నమ్ నాచు పట్టుకునేటప్పుడు గ్లౌజులు తప్పకుండా వేసుకోవాలి. అందులో ఉండే స్పోరోథ్రిక్స్ అనే ఫంగస్ చిన్న గీత లోంచి కూడా చర్మంలోకి దిగి పుండ్లు పడతాయి, నెలల తరబడి మందులు వాడాల్సి వస్తుంది. పుండు పడితే డాక్టరుకి నాచుతో పని చేస్తానని ముందే చెప్పాలి, లేకపోతే వేరే ఏదో అనుకుని మందిస్తారు.

నీళ్లు: వాన నీళ్లు గానీ ఆర్ఓ నీళ్లు గానీ, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 50 లోపు. ఈ మొక్కలు ఏ సత్తువా లేని నేలల్లో పుట్టాయి, పురుగుల్ని పట్టేది నైట్రోజన్, ఫాస్ఫరస్ కోసమే, కుళాయి నీళ్లలోని సున్నం, ఉప్పు వేళ్ల దగ్గర పేరుకుంటే తట్టుకోలేవు. వేసవిలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే నీరు ఎంత ఆవిరైతే ట్రేలో ఉప్పు అంత చిక్కబడుతుంది.

వాన నీళ్లు పట్టే డ్రమ్ములు మా దగ్గర లోపలే ఉంటాయి, ఉత్తరం గోడ పొడుగునా. 200 లీటర్ల డ్రమ్ము 10 డిగ్రీలు చల్లబడితే దాదాపు 2.3 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి గదిలోకి వదులుతుంది, అది కూడా రాత్రంతా మెల్లగా. డ్రమ్ములు వరసగా ఉంటే ఆ లెక్క చిన్నదేం కాదు. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా పెట్టకండి. సరిగ్గా మండకపోతే వచ్చే ఇథిలీన్‌కి మొగ్గలు రాలిపోతాయి, కార్బన్ మోనాక్సైడ్ లోపల పనిచేసే మనిషినే చంపుతుంది.

మైనస్ 15 రాత్రి కరెంటు పోతే ఏం చేయాలో మా గోడ మీద రాసి ఉంది, నేనే రాశాను, మూడు భాషల్లో. జనరేటర్ మొదటి లైను పల్లపు గదికి, ఎందుకంటే 10 కిందికి వెళ్తే అక్కడ నష్టం గంటల్లోనే మొదలవుతుంది. తర్వాత కొండ గది, దాన్ని 5 దాకా వదిలినా కాసేపు ఓర్చుకుంటుంది. తెరలన్నీ మూసేయాలి, తలుపు ఊరికే తెరవకూడదు. నిద్ర గది అన్నిటికన్నా చివర. ఒక్క రాత్రి మైనస్ 3కి దిగినా ఫ్లైట్రాప్‌లకి ఏమీ కాదు, కంగారుపడి వాటి మీద హీటర్ తిప్పకండి. జనరేటర్‌ని ప్రతి సోమవారం పది నిమిషాలు నడిపి చూడాలి, డీజిల్ చలికాలానికి పనికొచ్చే రకమేనా అని అక్టోబరులోనే అడగాలి, మామూలు డీజిల్ అంత చలిలో మైనంలా గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది.