అంగుళం తేడా

శనివారం, రాత్రి పది దాటింది.

నిన్న శ్రావణ శుక్రవారం. పొద్దున్న ఏడున్నరకే ఒకమ్మాయి వచ్చి, గుమ్మంలోనే కవరు నా చేతిలో పెట్టి, "చెయ్యి పట్టట్లేదు ఆంటీ. ఇన్నేళ్ళ నుంచి కుడుతున్నారు, ఇదేనా కుట్టడం?" అంది. పూజకి కట్టుకుందామనుకున్న చీర మీది జాకెట్టు అది. ఎదురింటావిడ ముగ్గు వేస్తూ తలెత్తి చూసింది. నేను "సారీ అమ్మా, సారీ" అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. డబ్బులు కూడా వద్దనేశాను.

ఆ తర్వాత రోజంతా మిషను దగ్గర కూర్చోలేకపోయాను. రాత్రి నిద్ర లేదు. మనసులో ఒకటే మాట తిరుగుతోంది: "దీనికి ఏ పనీ సరిగ్గా చేతకాదు." అది మా నాన్న మాట. పదో తరగతి లెక్కల్లో 41 వచ్చిన రోజు అక్క ముందు అన్నాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

తెల్లారకముందే లేచి పెదవాల్తేరు నుంచి బీచ్ రోడ్డుకి నడుచుకుంటూ వెళ్ళాను. యూనివర్సిటీ హాస్టల్లో ఉండి సైకాలజీ చదువుతున్న మా అక్క కూతురు కూడా వచ్చింది. సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక గట్టు మీద కూర్చున్నాం. వానాకాలం కదా, ఒడ్డు దగ్గర నీళ్ళు మట్టి రంగులో ఉన్నాయి. జరిగిందంతా చెప్పాను. అది విని, "చెడింది జాకెట్టు కదా పిన్నీ, నిన్ను నువ్వెందుకు తిట్టుకుంటున్నావ్?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నిజమే, ఆత్మవిశ్వాసం వేరు, నా మీద నాకుండే గౌరవం వేరు. జాకెట్టు కుట్టగలనన్న నమ్మకం నాకు ఎప్పుడూ ఉంది. ఒక జాకెట్టు చెడితే మనిషిగా నా విలువే పోయినట్టు అనిపించడం ఉంది చూడండి, జబ్బు అక్కడ ఉంది. ఎవరైనా "మీ చేతి కుట్టు భలే ఉంటుందండీ" అంటే ఆ వారమంతా గాల్లో తేలుతాను. ఒకరు ముఖం చిట్లిస్తే పాతాళంలోకి పోతాను. నా విలువ తాళంచెవి ఎప్పుడూ ఇతరుల కొంగునే ఉంది.

తను ఫోన్లో పది వాక్యాలు చూపించింది. మోరిస్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1965లో తయారుచేసిన కొలబద్ద అట, మనిషికి తన మీద తనకి ఎంత గౌరవం ఉందో చూడ్డానికి. అయిదు వాక్యాలు మంచివి, అయిదు చెడ్డవి. ఒక్కోదానికీ ఎంతవరకు ఒప్పుకుంటావో నాలుగు మెట్లలో చెప్పాలి. నేను ఆగిపోయిన వాక్యం ఒకటుంది. నాకు విలువ ఉంది, కనీసం మిగతావాళ్ళతో సమానంగానైనా ఉంది అనే అర్థం వచ్చేది. మిగతావాళ్ళ కంటే ఎక్కువ అని లేదు. సమానంగా, అంతే. దానికి "అవును" అనడానికి నాకు చాలాసేపు పట్టింది. నా వయసు నలభై ఆరు.

పోయినేడాది వాట్సాప్‌లో ఒక వీడియో వస్తే, రోజూ అద్దం ముందు నిలబడి "నేను గొప్పదాన్ని" అని ఇరవై ఒక్కసార్లు అనుకున్నాను. వారం తిరక్కుండానే ఇంకా దిగులు పట్టుకుంది. అది కూడా నా లోపమే అనుకున్నాను. ఇది చెబితే, కెనడాలో పరిశోధన చేసి 2009లో అచ్చు ఇదే విషయం రాశారంది మా అక్క కూతురు. తమ మీద తమకి గౌరవం తక్కువున్నవాళ్ళు అలాంటి మాటలు వల్లె వేస్తే మనసు ఇంకా కుంగిందట. నమ్మకం లేని మాట పైకి అంటుంటే, అది అబద్ధమని లోపల్నించి సాక్ష్యాలు లేస్తాయి కదా మరి. అది విన్నాక నాకు ఎంత తేలిక అనిపించిందో!

ఇంటికొచ్చి ఆ జాకెట్టు తీశాను. ముందు ఆది జాకెట్టు పక్కన పెట్టి కొలిచాను. చెయ్యి లూజు 11½ ఉంది. నా పుస్తకంలో 10½ అని రాసుంది. తప్పు నాదే, అందులో అనుమానం లేదు. కానీ ఎంత తప్పు? ఒక అంగుళం. బ్లేడుతో కుట్లు విప్పితే లోపల రెండు వైపులా అరంగుళం పైనే గుడ్డ ఉంది. ఎప్పుడూ వదులుతాను, మనుషులు ఒకేలా ఉండిపోరు కాబట్టి. పాత దారాలు ఒక్కొక్కటే లాగేసి, ఇస్త్రీ చేసి, కొత్త కుట్టు వేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల పనికి నిన్న పంతొమ్మిదేళ్ళ కష్టం మొత్తాన్నీ సున్నా చేసుకున్నాను. పుస్తకం తిరగేసి లెక్కపెట్టాను. ఈ శ్రావణంలో ఇప్పటిదాకా 46 జాకెట్లు ఇచ్చాను. వెనక్కొచ్చింది ఒకటి.

మధ్యాహ్నం అన్నం పెడుతూ మావాడితో, "మొన్న పాలు ఒలికినప్పుడు నీకేదీ చేతకాదన్నాను. అలా అనకూడదు నాన్నా" అన్నాను. "పర్లేదులే అమ్మా" అన్నాడు వెంటనే. అంత వెంటనే అన్నాడంటే వాడికి గుర్తుంది. మన ఇళ్ళలో దిష్టి తగులుతుందనో, పొగరెక్కుతుందనో పిల్లల్ని ఎదురుగా మెచ్చుకోం. అది పోనీ. పాలు ఒలికితే పాల గురించి మాట్లాడాలి, పిల్లాడి గురించి తీర్పు చెప్పకూడదు. ఇది నేను నేర్చుకోవాలి, ఎంత ఆలస్యమైనా.

సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. గుండె దడదడలాడుతూనే ఉంది. "కొలత నేనే తప్పు రాసుకున్నానమ్మా. సరిచేశాను, ఒకసారి వేసుకుని చూడు" అన్నాను. ఒక్కసారే అన్నాను. లోపలి గదిలో వేసుకుని వచ్చి చెయ్యి పైకెత్తి, కిందికి దించి చూసుకుంది. సరిపోయింది. "డబ్బులు వద్దన్నారు కదా ఆంటీ?" అంది. "నిన్న కంగారులో అన్నానమ్మా. సరిచేసినందుకు ఏమీ వద్దు, కుట్టుకూలి మాత్రం ఇవ్వు" అన్నాను. ఇచ్చింది. ముఖం మామూలుగానే ఉంది. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు.

తను వెళ్ళాక పుస్తకంలో 10½ కొట్టేసి, పక్కన 11½ అని రాశాను.