ఆంటీ ఇచ్చిన సంచి, మెల్‌బోర్న్ దాకా

ఫారిన్‌లో ఉన్న ఫ్రెండ్ దగ్గరికి వెళ్తున్నామని ఎవరికైనా చెప్పండి కానీ ఆ ఫ్రెండ్ వాళ్ళమ్మకి మాత్రం చెప్పకండి. నా టికెట్ మీద చెకిన్ లగేజ్ 30 కిలోలు, అందులో నా బట్టలు ఎనిమిది కిలోలు ఉంటే గొప్ప, మిగతాదంతా వనస్థలిపురం ఆంటీదే. ఆవకాయ, కందిపొడి, జంతికలు, చేగోడీలు, కోవా కజ్జికాయలు, పైగా తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు. "రెండు రెమ్మలేగామ్మా, ఏం బరువు" అంటారు. బరువు కాదు ఆంటీ, పచ్చి ఆకులు ఆస్ట్రేలియాలోకి రానివ్వరు అని చెప్పే ధైర్యం లేక తీసుకున్నా, అది మా ఇంట్లో పోపులోకి వెళ్ళిపోయింది. ఆంటీకి ఫేస్‌బుక్ లేదు కాబట్టి రాస్తున్నా.

ఆవకాయ కథ వేరే. పచ్చళ్ళ షాపు వాడి దగ్గరికెళ్ళి ప్యాకింగ్ చేసివ్వమంటే "మా దగ్గర కొన్నదైతేనే ఫారిన్ ప్యాకింగ్ మేడం" అన్నాడు, చివరికి అర కిలో మాగాయ కొంటే గానీ ఆంటీ ఆవకాయకి సీలు పడలేదు. దాని మీద ఇంకో రెండు కవర్లు, దాని మీద టేపు, అన్నీ చేసి సూట్‌కేసులో చీరల మధ్య పెడితే ఆ రాత్రంతా కలలో నూనె కారుతూనే ఉంది.

జెఎన్‌టీయూ దగ్గర పుష్పక్ బస్సెక్కి శంషాబాద్ చేరేసరికి రాత్రి ఎనిమిది. పదకొండింటి ఫ్లైట్ ఒంటిగంటకి బయల్దేరింది. ఎందుకు లేటు అంటే కౌంటర్లో అమ్మాయి "ఆపరేషనల్ రీజన్స్ మేడం" అంది, అంటే ఏంటో ఇప్పటికీ నాకు తెలీదు, ఆ అమ్మాయికీ తెలీదనే నా అనుమానం. సింగపూర్‌లో మూడు గంటల గ్యాప్ ఉందిలే అని నిమ్మళంగా ఉన్నదాన్ని, అది గంటకి వచ్చేసింది. చాంగీ ఎయిర్‌పోర్ట్‌లో బటర్‌ఫ్లై గార్డెన్ చూద్దాం, కాఫీ తాగుదాం అని లిస్ట్ రాసుకున్నా, చూసింది మాత్రం గేట్ నంబర్ల బోర్డులే. ఆ 40 మీటర్ల జలపాతం ఉంటుంది కదా, అక్కడే జ్యువెల్ అనే మాల్‌లో, అది ఇమిగ్రేషన్ బయట ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు టర్మినల్ మారే ట్రైన్ కిటికీలోంచి అలా ఒక్క క్షణం కనపడింది, ఫోన్ తీసేలోపు పోయింది.

తర్వాత ఏడున్నర గంటలు మధ్య సీట్లో. దిగేముందు కార్డు ఇస్తారు, తినేవి ఏమైనా తెస్తున్నారా అని. పక్క సీటు అంకుల్ "నో అని టిక్ పెట్టెయ్యమ్మా, ఎవరు చూస్తారు" అని తెగ సలహా. దయచేసి ఎవరూ వినకండి. ఉందని చెప్తే మహా అయితే తీసి పారేస్తారు, దాచి దొరికితే ఫైన్, ఒక్కోసారి వీసానే క్యాన్సిల్. నేను ఎస్ పెట్టి పక్క లైన్లోకి వెళ్ళా. ఆఫీసరమ్మ గ్లౌజులు వేసుకుని ఒక్కో ప్యాకెట్టూ లైటు కింద తిప్పి చూసింది. ఆవకాయ చూసి "మ్యాంగో పికిల్?" అని తనే అడిగి వదిలేసింది, జంతికలూ ఓకే. కజ్జికాయ ఒకటి విరిచింది. లోపల కోవా.

"మిల్క్?"

ఎస్ అన్నా, ఏం చేస్తాం. మన పశువులకి వచ్చే గాలికుంటు వ్యాధి వాళ్ళ దేశంలో లేదు, పాల వస్తువులతో వస్తుందేమోనని భయం, రూల్ న్యాయమే. కానీ ఆంటీ రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి పాలు కలిపిన సంగతి తెలుసు కాబట్టి ఆ డబ్బా డస్ట్‌బిన్‌లో పడ్డ చప్పుడు మాత్రం ఇంకా వినపడుతూనే ఉంది.

బయటికొస్తే నా ఫ్రెండ్ నిలబడి ఉంది, ఆరేళ్ళ తర్వాత, జూన్ చలికి ముక్కు ఎర్రగా చేసుకుని. మనం వానల కోసం చూసే టైంలో వాళ్ళకి చలికాలం, ఐదున్నరకల్లా చీకటి. మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్‌లో వాళ్ళింటికెళ్ళి అన్నం అయ్యేదాకా కూడా ఆగలేదు, కత్తెరతో ఆవకాయ ప్యాకెట్ కోసి ముక్క నోట్లో వేసుకుని కిచెన్‌లోనే నిలబడి "మా అమ్మ ఆవాలు ఎక్కువేసిందే" అని తిట్టింది, కళ్ళు తుడుచుకుంది, కారం అంది.

మర్నాడు వాళ్ళకి పదిన్నర, మనకి పొద్దున ఆరు, ఆంటీ వీడియో కాల్. మొదటి ప్రశ్నే "కజ్జికాయలు ఎలా ఉన్నాయే?" అది నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశా.

"సూపరమ్మా, రాత్రే అయిపోయాయి."

నేను హైదరాబాద్ వచ్చిన వారానికి ఆంటీ ఫోన్. పక్కింటి అబ్బాయి నెలాఖరుకి మెల్‌బోర్న్ వెళ్తున్నాడట. "అంత ఇష్టంగా తినేసిందట కదమ్మా, ఈసారి రెండు కిలోలు చేస్తున్నా."