ఓటు లేని నగరాలు, 0.4 టీఎంసీల తగువు

అమెరికా, కెనడాల మధ్య ఉన్న అయిదు పెద్ద మంచినీటి సరస్సులు గ్రేట్ లేక్స్. వాటి నీళ్ల గురించి తేల్చే చోట నగరాలకు కుర్చీ లేదు. 1909 నాటి ఒప్పందం అమెరికా, కెనడాలది. దాని కింద ఏర్పడ్డ ఇంటర్నేషనల్ జాయింట్ కమిషన్‌లో సభ్యులు ఆరుగురు, దేశానికి ముగ్గురు. నీళ్లను పరీవాహకం దాటించకూడదంటూ 2008 డిసెంబరులో అమల్లోకి వచ్చిన కాంపాక్ట్ (ఒడంబడిక) ఎనిమిది అమెరికా రాష్ట్రాలది. కెనడా ప్రావిన్సులు ఆంటారియో, క్విబెక్‌లు సలహా చెప్పొచ్చు, ఓటెయ్యలేవు. ప్రావిన్సుల పరిస్థితే అదైతే మేయర్ల సంగతి చెప్పేదేముంది!

2003లో షికాగో మేయర్ రిచర్డ్ డేలీ చొరవతో రెండు దేశాల మేయర్లు ఒక కూటమి కట్టింది ఇందుకే. దాని బలం, బలహీనత రెండూ వాకెషా గొడవలో బయటపడ్డాయి.

వాకెషా విస్కాన్సిన్‌లో ఉంది. ఊరు పరీవాహకానికి అవతల, దాని కౌంటీలో (జిల్లాలాంటిది) కొంత భాగం ఇవతల. అలాంటి ఊళ్లకు కాంపాక్ట్‌లో చిన్న సందు ఉంది: వేరే మంచి నీటివనరు లేదని చూపించాలి, వాడిన నీళ్లు శుద్ధి చేసి తిరిగి పంపాలి, ఎనిమిది మంది గవర్నర్లూ సరేననాలి. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. వాకెషా లోతు బావుల్లో రేడియం ఉంది. రోజుకు 1.01 కోట్ల గ్యాలన్లు అడిగితే, 2016 జూన్‌లో 82 లక్షలకు ఒప్పుకున్నారు. మన లెక్కలో ఏడాదికి 0.4 టీఎంసీ. కృష్ణా పంచాయితీలు చూసినవాళ్లకు ఇది నవ్వులాటగానే ఉంటుంది. మేయర్ల భయం నీటి గురించి కాదు, ఆనవాయితీ గురించి. ఈ సందులోంచి ఒక ఊరు దూరితే రేపు ఇంకో ఊరు వస్తుంది.

నిజానికి అందరి ప్రయోజనమూ ఒకటి కాదు. నీళ్లు అమ్మేది పొరుగు నగరం మిల్వాకీ. తిరిగొచ్చే నీళ్లు రూట్ నదిలో దిగి రసీన్ అనే ఊరి మధ్యగా సరస్సులో కలుస్తాయి. ఒకరికి ఆదాయం, ఇంకొకరికి బెంగ. అందుకే ఇలాంటి కూటములు 'ఎవరికి ఎన్ని నీళ్లు' అనే ప్రశ్న జోలికి పోకుండా 'దరఖాస్తును ఎలా పరిశీలించారు' అనేదాన్ని పట్టుకుంటేనే నిలబడతాయని నా అభిప్రాయం. 2016 ఆగస్టులో కూటమి అనుమతిని సవాలు చేసింది. 2017లో కాంపాక్ట్‌ను నడిపే ఎనిమిది రాష్ట్రాల కౌన్సిల్ దాన్ని తోసిపుచ్చింది. మిగిలింది కోర్టు. అక్కడ ఓడితే ఆ తీర్పే కొత్త ఆనవాయితీ! కోర్టుకు వెళ్లకుండా ఆగడానికి కూటమి ఒప్పుకుంది, దరఖాస్తులు పరిశీలించే నియమాలు సవరిస్తామని కౌన్సిల్ ఒప్పుకుంది. 2023 అక్టోబరులో వాకెషాకు సరస్సు నీళ్లు వచ్చాయి. నీళ్ల పందెం పోయింది, నియమాల్లో మాత్రం ఒక వేలు పెట్టగలిగారు.

ఒహాయోలోని టొలీడో నగరం సంగతి వేరు. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నాచు విషం కుళాయిల్లోకి వచ్చింది, నాలుగు లక్షల మందికి పైగా దాదాపు మూడు రోజులు తాగునీరు లేదు. కాచి తాగుదామన్నా కుదరదు, కాచిన కొద్దీ విషం చిక్కబడుతుంది. అక్కడ మేయర్ల మధ్య పేచీకి తావే లేదు. మరుసటి జూన్‌లో ఒహాయో, మిషిగన్, ఆంటారియో 2025కల్లా సరస్సులోకి చేరి నాచును పెంచే ఫాస్ఫరస్‌ను 40 శాతం తగ్గిస్తామని సంతకం చేశాయి. కానీ ఆ ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం పొలాల ఎరువుల నుంచే వస్తుంది. మేయరు మురుగుశుద్ధి కేంద్రం బాగుచేయగలడు, పొలం గట్టు దాటలేడు.