విరేచనానికి ముందు నెయ్యి

పాలక్కాడ్ దాటినప్పటి నుంచీ ఒకటే వాన. కర్కాటక మాసం. మలయాళీలు ఆయుర్వేద చికిత్సకు ఇదే మంచి అదను అంటారు. ఏళ్లుగా వదలని చర్మం దురద తగ్గడానికి విరేచన చికిత్స, అంటే మందుతో కడుపు శుభ్రం చేసే చికిత్స, చేయించుకుందామని కోట్టక్కల్ వెళ్తున్నాను. 1902లో పి.ఎస్. వారియర్ ఆర్యవైద్యశాల పెట్టిన ఊరు. నేను చేరింది మాత్రం అక్కడి ఒక చిన్న ఆసుపత్రిలో.

డాక్టరుగారు రక్తపరీక్షలు చూసి, నాలుక చూసి, ఆకలి గురించే ఎక్కువసేపు అడిగారు. అరుగుదల సరిగా లేనివాళ్లకు నెయ్యి పట్టదట. అందుకే ముందు శొంఠి, పిప్పళ్లు కలిసిన చూర్ణం, వేడినీళ్లు.

ఆకలి కుదిరాక స్నేహపానం, అంటే మందు నెయ్యి తాగడం, మొదలైంది. పొద్దున్నే పరగడుపున మహాతిక్తక ఘృతం తాగాలి. వేప, చేదుపొట్ల లాంటి మూలికలతో కాచిన నెయ్యి అది. రోజూ మోతాదు పెంచుతారు, ఏడు రోజులకు మించి ఇవ్వరు. మళ్లీ గట్టిగా ఆకలేసి, త్రేన్పులో నెయ్యి వాసన పోయేదాకా వేడినీళ్లు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాతే కంజి, అంటే బియ్యపు గంజి. చన్నీళ్లు, చలిగాలి, గట్టిగా మాట్లాడటం అన్నీ బంద్. వాటికన్నా కష్టం పగలు నిద్రపోకుండా ఉండటం. బయట వాన, లోపల ఒళ్లంతా బరువు, కళ్లు మూతలు పడుతుంటే వరండాలో అటూ ఇటూ మెల్లగా నడిచేదాన్ని.

చర్మం మెత్తబడిందా, మలం జిడ్డుగా వస్తోందా అని డాక్టరుగారు రోజూ అడిగేవారు. ఒక పొద్దున గ్లాసు చూడగానే వెగటు పుట్టింది. చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "అదే గుర్తమ్మా, ఇక నెయ్యి ఆపేద్దాం" అన్నారు.

తర్వాత తొట్టిలాంటి చెక్క బల్ల, ద్రోణి మీద నూనెతో ఒళ్లంతా మర్దన, అదే అభ్యంగం, తల బయటికి ఉంచే పెట్టెలో ఆవిరి. నూనె, వేడి తగిలితే ఎండిన కట్టె కూడా వంగుతుంది, బతికున్న మనిషి సంగతి చెప్పాలా అంటుంది చరకసంహిత. ఒంట్లో పట్టుకున్న దోషాలు (వాత, పిత్త, కఫాలు) వదులై కోష్ఠంలోకి, అంటే కడుపు, పేగుల్లోకి చేరాకే మందిచ్చి బయటికి పంపాలన్నది వీళ్ల లెక్క. ఇవన్నీ ఎగ్గొట్టి వీకెండ్ ప్యాకేజీల్లో పంచకర్మ (విరేచనం లాంటి ఐదు శుద్ధి చికిత్సలు) అమ్మేవాళ్లంటే నాకు కోపం. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా ఆ ఆవిరి పెట్టెలో కూర్చుంటే ప్రమాదం కూడా.

విరేచనం రోజు ఇబ్బంది లేకుండానే గడిచింది. పల్చటి గంజితో మొదలుపెట్టి, చిక్కటి జావ, పెసరకట్టు, ఆ తర్వాత మామూలు అన్నం. అన్నం అరుగుతోందని డాక్టరుగారు చెప్పాకే తిరుగు టికెట్ బుక్ చేసుకున్నాను.