జమిడికను ఏ గడిలో రాయాలె?

మన బడి ల్యాబ్‌కు చందాలతో ప్రొజెక్టర్ కొందామన్న మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి చెప్తా. తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం మొదలైన రోజు మన ఫిజికల్ సైన్స్ సార్ పుస్తకం తెరవనియ్యలేదు. బోర్డు మీద నాలుగు గడులు గీసి తీగ, తోలు, గాలి, గట్టి వస్తువు అని రాసి, "మీ ఊళ్లల్ల మోగేవన్నీ చెప్పుండ్రి, ఏది ఏ గడిలోదో కూడా మీరే చెప్పాలె" అన్నారు. మా బ్యాచ్ వాళ్లెవరూ ఇది మర్చిపోయి ఉండరు.

సన్నాయి గాలి గడిలోకి, తాళాలు, గజ్జెలు గట్టి వస్తువుల్లోకి చకచకా పోయినయ్. సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతరలో మోగే భేరీలు తోలు గడిలోకి. డప్పు కూడా అంతే, కానీ దాన్ని వాయించే ముందు మంట దగ్గర ఎందుకు కాస్తారంటే మాత్రం క్లాసంతా గప్‌చుప్. తోలుకు పట్టిన చెమ్మ ఎగిరిపోయి అది బిగుసుకుంటది, బిగువు పెరిగితే ఒక సెకనుకు ఎక్కువసార్లు కంపిస్తది, మోత పైకి లేస్తది. ముసురు పట్టినప్పుడు ఎంత చేయి తిరిగినోడు చిర్ర (డప్పు కొట్టే పుల్ల) వేసినా బద్దబద్దమనేది అందుకే.

కిన్నెర అనే తీగ వాద్యం పాలమూరు దిక్కు వాయించేది, సార్‌ది కూడా పాలమూరే, కాబట్టి అది ఆయనే రాసుకున్నారు. వెదురు కర్ర, దాని కింద సొరబుర్రలు, మైనంతో అతికించిన మెట్లు. మెట్టు మీద నొక్కితే తీగలో మోగే ముక్క పొట్టిదై స్వరం పెరుగుతది. ఒట్టి తీగ కదిలించే గాలి ఎంత? బుర్రలు లేకపోతే పక్కనోడికి కూడా సరిగ్గా వినపడదు. 2022లో కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు, 2024లో దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీలు వచ్చినప్పుడు మా గ్రూపులో అందరూ సార్‌నే తలుచుకున్నరు.

అసలు లొల్లి జమిడిక దగ్గర. మా క్లాసులోనే ఒకతని నాయిన జమిడిక వాయిస్తూ బైండ్ల కథ, అంటే ఎల్లమ్మ దేవత కథ, చెప్పేవాడు, మర్నాడు వాళ్లింటి నుంచే అది క్లాసుకు వచ్చింది. గుండ్రటి గొట్టానికి ఒక దిక్కు తోలు, ఇంకో దిక్కు ఖాళీ. తోలు నడుమ నుంచి తీగలాంటి ఒక నరం, దాని కొసకు చిన్న పుల్ల. చంకలో ఇరికించుకొని ఎడమచేత్తో పుల్లను లాగి పట్టుకుంటూ కుడిచేత్తో నరాన్ని మీటాలి. సగం మందిమి తీగ అన్నం, సగం తోలు అన్నరు. సార్ తోలు మీద అరచెయ్యి పెట్టి మీటమన్నారు, మోత అక్కడికక్కడే చచ్చింది. చెయ్యి తీసి పుల్లను లాగుతుంటే 'డుం' కాస్తా 'డుంయ్' అని పైకి సాగింది. మీటేది నరాన్నే అయినా అది తోలును ఊపుతది, లాగితే రెండూ కలిసే బిగుస్తయి. కథలో ఎల్లమ్మ ఏడ్చేటప్పుడు జమిడిక కూడా మూలిగినట్టుండేది ఈ లాగుడు వల్లనే. సార్ రెండు గడుల నడుమ గీతను చేత్తోనే తుడిచి అక్కడ రాశారు. సంగీత పండితులు కూడా ఇట్లాంటి వాటిని కొందరు తోలు వాద్యాల్లో, కొందరు తీగ వాద్యాల్లో వేస్తారని తర్వాతెప్పుడో చదివాను.

ఈసారి చందాలతో ల్యాబ్‌కు ప్రొజెక్టర్ కొందామంటున్నరు. కొనండి, నేను వద్దనను. అందులోంచే కొంత తీసి ఒక డప్పు, ఒక జమిడిక, చేసేవాళ్లు దొరికితే ఒక కిన్నెర కూడా పెడదాం. పిల్లలు ముట్టుకోకుండా బీరువాలో పెట్టి తాళం వేసేటట్టయితే మాత్రం నా చందా ప్రొజెక్టర్‌కే రాసుకోండి.