పండుగప్పను గోడకెక్కించడం – నా అనుభవం

మన డెల్టాలో చేపకు టాక్సిడెర్మీ (తోలు ఒలిచి, నిలవ చేసి, లోపల దిమ్మె పెట్టి బతికున్న చేపలా నిలబెట్టడం) చేసేవాడికి తలనొప్పులు రెండే: చేపలో నూనె, గాలిలో చెమ్మ. రంగు వేయడం కాస్త ఓపిక ఉంటే ఎవరికైనా వస్తుంది. నూనె తీయని చేప మాత్రం మొదటి వానాకాలానికే తోక మొదట్లో జిడ్డు కారి పసుపు మరక పడుతుంది. దాని మీద ఎంత మంచి లాకర్ (మెరుపు వార్నిష్) కొట్టినా పొరలా లేచిపోతుంది.

జింక తల చేసిపెట్టమని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వేటా నేరమే, లైసెన్సు లేకుండా ట్రోఫీ (వేట గుర్తుగా దాచుకునే తల, తోలు వంటివి) తయారుచేయడమూ నేరమే. సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేలు చచ్చి దొరికినా అది ప్రభుత్వానిదే, ఇంటికి తెచ్చుకోకూడదు. అందుకని నేను మార్కెట్లో కూరకి అమ్మే చేపలతోనే పని పెట్టుకుంటాను. వాటిలో పండుగప్ప మేలు. తోలు దళసరి, పొలుసు గట్టిగా పట్టి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి కొర్రమీను ఇంకా సులువు.

రెండు మూడు కిలోల చేప తీసుకోండి. భీమవరం, కైకలూరు వైపు చెరువు పట్టుబడి రోజున గట్టు మీదే ఏరుకోవడం ఉత్తమం. ఐసు పెట్టెలో అడుగున నలిగిన చేపకి ఒక పక్క పొలుసు పోయి ఉంటుంది, రెక్కల చివర్లు విరిగి ఉంటాయి. మార్కెట్లో అయితే కత్తి ఎత్తకముందే చెప్పాలి: "కొట్టకండి బాబూ, పొలుసు కూడా తియ్యొద్దు, అలాగే ఇచ్చేయండి." పొట్ట కోసిన చేప పనికిరాదు. అదే రోజు మొదలుపెట్టలేకపోతే రెక్కలు ఒంటికి అదిమి, తడిగుడ్డ చుట్టి, పైన గాలి చొరకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టండి. న్యూస్‌పేపరు చుట్టకండి, జిగటకి అతుక్కుని ఊడదు.

కత్తి పెట్టేముందు ఫోటోలు తీయాలి. ఎండలో, నీడలో, దగ్గర నుంచి కన్ను, దగ్గర నుంచి తోక. చచ్చిన గంటల్లోనే రంగు దిగిపోతుంది, ఎండాక గోధుమరంగు కాగితంలా తయారవుతుంది. చివర్లో రంగు వేసేటప్పుడు ఈ ఫోటోలే దిక్కు. తర్వాత దళసరి కాగితం మీద చేపను పడుకోబెట్టి చుట్టూ గీత గీస్తాను. టేపుతో నాలుగు చోట్ల చుట్టుకొలత రాసుకుంటాను: తల వెనక, వీపు రెక్క మొదట్లో, మలద్వారం దగ్గర, తోక మొదట్లో. జిగట పోవడానికి పటిక నీళ్లతో మెల్లగా తుడిస్తే చాలు.

కోత గోడవైపు రావాలి. చూపించే పక్కని తడి తువ్వాలు మీద పడుకోబెట్టి, పైకి ఉన్న పక్కన మొప్ప మూత వెనక నుంచి తోక దాకా నడుమ గీత వెంబడి చిన్న కత్తెరతో కోస్తాను. కత్తెర మొన లోతుగా దించితే పొట్ట తెగి కంపు తోలుకి పడుతుంది. సర్జికల్ బ్లేడుతో తోలుకీ కండకీ మధ్య నెమ్మదిగా విడదీస్తూ, రెక్కల ఎముకల్ని లోపలి నుంచి కత్తిరిస్తూ, తోక దగ్గరా తల వెనకా వెన్నుముల్లు తెంపితే ఒళ్లు మొత్తం ఒక ముద్దగా బయటికొస్తుంది. పండుగప్ప మొప్ప మూత అంచు బ్లేడుకేమీ తీసిపోదు, చేతికి దళసరి గ్లవ్స్ ఉండాలి. ఇంతవరకూ మందులేవీ తగల్లేదు కాబట్టి ఆ కండ పులుసుకి పనికొస్తుంది. కొలతలకి దాని గీత కూడా కాగితం మీద తీసుకున్నాకే వంటింటికి పంపండి.

అసలు పని తలలో ఉంది. కళ్లు, మొప్పలు, మెదడు తీసేయడం అందరూ చేస్తారు. చెంపల్లో ఉండే కండని మాత్రం వదిలేస్తారు. కంటి కింద చెంప ఎముక వెనక బొటనవేలంత ముద్ద ఉంటుంది. లోపలి నుంచి సన్నటి చెంచాతో తవ్వి తీయాలి. అది ఉండిపోతే ఎండేకొద్దీ కుంచించుకుపోయి చెంప సొట్ట పడుతుంది, ఆర్నెల్లకి వాసన మొదలవుతుంది, ఆ వాసనకి తోలుపురుగు వస్తుంది. రెక్కల మొదళ్లు, తోక మొదలు కూడా ఇలాగే ఎముక కనిపించేదాకా గీకాలి.

ఇక నూనె. మేత మీద పెరిగిన చెరువు చేపకి పొట్ట దగ్గర కొవ్వు తెల్లగా పేరుకుని ఉంటుంది. ముందు చెంచాతో గీకి, గిన్నెలు తోమే జెల్ కలిపిన చల్లటి నీళ్లలో కడుగుతాను. వేడినీళ్లు పోస్తే తోలు ముడుచుకుపోతుంది. ఆ తర్వాత టర్పెంటైన్‌లో పావుగంట ఉంచి మళ్లీ జెల్‌తో కడగాలి. ఇది ఆరుబయట, పొయ్యికి దూరంగా చేసే పని. టిష్యూ కాగితం లోపలివైపు అద్దితే జిడ్డు మరక పడకూడదు. పడితే మళ్లీ మొదటికి రావాలి.

నిలవ ఉండడానికి వెలిగారం (బోరాక్స్) వాడతాను. కంసాలి సామాన్ల కొట్లో దొరుకుతుంది. లీటరు నీళ్లకి 60 గ్రాములు, ఈ సైజు తోలుకి ఐదు లీటర్లు కలపండి. అడుగున కరగని పొడి కొంచెం మిగిలితేనే సరిపోయినట్టు. ఏసీ గదిలో ఒక రాత్రి నానాలి. ఫ్రిజ్‌లో పెడితే పొడి గట్టిపడి విడిపోతుంది, బయట వేడిలో వదిలేస్తే పొలుసు జారుతుంది.

తోలు నానుతుండగా, కండ బదులు లోపల పెట్టే దిమ్మె చెక్కుకోవచ్చు. థర్మోకోల్ షీట్లు ఫెవికాల్‌తో అంటించి, పూర్తిగా ఆరనిచ్చి, కాగితం మీది గీత ప్రకారం హాక్సా బ్లేడుతో కోసి ఎమ్రీ పేపరుతో నున్నగా చేయాలి. రబ్బరు సొల్యూషన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. గోడవైపు చెక్కముక్క పొదిగితే తర్వాత మేకుకి పట్టు ఉంటుంది. పండుగప్పకి కంటి పైన పల్లం, ఆ వెంటనే వీపు ఎత్తు. ఆ వంపు తప్పితే బొచ్చె చేపకి పండుగప్ప తోలు కప్పినట్టుంటుంది. దిమ్మె పెద్దదైతే కుట్టు కలవదు, చిన్నదైతే పొట్ట ముడతలు పడుతుంది. తడి తోలు రెండు మూడుసార్లు తొడిగి చూసుకుని అరగదీసుకోవాలి.

అంటించేటప్పుడు ఒక జాగ్రత్త. వెలిగారం ఉన్న తోలుకి ఫెవికాల్ రాస్తే రెండూ కలిసి రబ్బరు ముద్దలా గడ్డకడతాయి, అంటుకోదు. తోలుని ఒకసారి నీళ్లలో ముంచి తీసి మైదా జిగురు రాస్తాను: అరలీటరు నీళ్లకి 100 గ్రాముల మైదా, చిటికెడు మైలుతుత్తం, ఉడికించి చల్లార్చింది. తలలోకీ రెక్కల మొదళ్లలోకీ ప్లాస్టర్ కలిపిన కాగితం గుజ్జు నింపుతాను. కుట్టు తోక నుంచి తలవైపు, నైలాన్ వల దారంతో, పొలుసుల సందుల్లో సూది దించుతూ వేయాలి. ఆ తర్వాత ఫార్మలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి తలలోకీ రెక్కల మొదట్లోకీ సిరంజితో ఎక్కిస్తాను. గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు లేకుండా, మూసిన గదిలో ఇది చేయకండి. క్యాన్సర్ తెచ్చే మందు అది.

రెక్కల్ని విప్పి రెండువైపులా ప్లాస్టిక్ దోమతెర ముక్కలు పెట్టి క్లిప్పులు బిగించాలి. అట్టముక్కకంటే ఇది నయం, గాలి ఆడుతుంది.

ఆరబెట్టే పనికి సంక్రాంతి దాటాక, రోహిణి ఎండలు రాకముందు మంచి అదను. వానల్లో అయితే ఏసీ గదే గతి. ఎండలో పెట్టకండి. పైతోలు ముందు బిగుసుకుని పొలుసులు అంచులు లేస్తాయి, లోపల చెమ్మ అలాగే ఉంటుంది. చేత్తో తడిమి ఎండిందనుకోవడం మోసం. వంటింటి కాటా మీద రోజూ తూచండి. వారంపాటు రెండు మూడు గ్రాములకి మించి తేడా రాకపోతే ఎండినట్టు. ఈ సైజుకి మూడు నాలుగు వారాలు పడుతుంది.

ఎండాక కంటి చుట్టూ, పెదవి దగ్గర తగ్గిన చోట ఎం-సీల్‌తో పూడ్చి కన్ను పొదగాలి. కన్ను పారదర్శక ఎపాక్సీతో అరగోళంలా పోసి, వెనకవైపు నల్ల గుడ్డు, దాని చుట్టూ ఎర్రజీర కలిసిన బంగారు రంగు వేస్తాను.

రంగుకి ముందు షెల్లాక్ (లక్కతో చేసే వార్నిష్) పల్చగా ఒక పూత. పొట్టకి తెలుపు, పక్కలకి వెండి పెర్ల్ పౌడరు, వీపుకి పచ్చకలిసిన బూడిద రంగు, అన్నీ ఎయిర్‌బ్రష్‌తో పలచగా. ఉప్పుటేరు చేప తెల్లటి వెండిలా ఉంటుంది, మంచినీటి చెరువుది ముదురు. వీపు మీద ఒక్కో పొలుసు అంచుకీ సన్నటి కుంచెతో ముదురు గీత పెట్టకపోతే బొమ్మలా కనిపిస్తుంది. పైన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ ముసురు రోజున కొడితే పాలలా తెల్లబారుతుంది. మధ్యాహ్నం పొడిగా ఉన్నప్పుడు పలచగా కొట్టాలి.

పులస చేయమని అడుగుతారు. చేయను. పొలుసు వేలు తగిలితే రాలుతుంది, నూనె ఎంత కడిగినా తరగదు. దానికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి ఫైబర్‌గ్లాస్‌తో పోత పోయడమే దారి. అచ్చు తీశాక చేపని వండుకోవచ్చా అనేది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. అంత ధర పెట్టి కొన్నాక ప్రాణం ఒప్పదు మరి. కానీ ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఒంటికి అచ్చు విడవడానికి సబ్బు రాసి ఉంటుంది. పులుసుకి ఇంకోటి కొనుక్కోండి.