నరేంద్రుడి భార్య అమ్మంగదేవి

రాజమహేంద్రవరంలో పెరిగిన ఎవరినైనా అడగండి, రాజరాజ నరేంద్రుడు నన్నయ చేత భారతం రాయించాడని టక్కున చెబుతారు. ఆయన భార్య ఎవరంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. ఆమె పేరు అమ్మంగదేవి. గంగ దాకా సైన్యాన్ని పంపి గంగైకొండ చోళుడు అనిపించుకున్న రాజేంద్రుడి కూతురు.

ఈమె కథ అత్తగారి దగ్గర మొదలుపెట్టాలి. అత్తగారు కుందవ్వ, రాజరాజ చోళుడి కూతురు. (‘పొన్నియిన్ సెల్వన్’ సినిమాలో మనం చూసిన కుందవ్వ ఈమె కాదు, రాజరాజు అక్క. మేనత్తదీ మేనకోడలిదీ ఒకే పేరు.) 973లో జటాచోడ భీముడు వేంగి రాజు దానార్ణవుణ్ణి చంపితే, కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు చోళుల పంచన చేరారు. రాజరాజు శక్తివర్మకు రాజ్యం తిరిగి ఇప్పించాడు, తమ్ముడికి తన పిల్లనిచ్చాడు. వాళ్లకు పుట్టినవాడే నరేంద్రుడు. రాజరాజు అన్నది తల్లి తరఫు తాత పేరు.

విమలాదిత్యుడు పోయాక నరేంద్రుడి సవతి సోదరుడు విజయాదిత్యుడు కల్యాణి చాళుక్యుల అండతో పోటీకి వచ్చాడు. మేనమామ రాజేంద్రుడు సైన్యం పంపాడు కాబట్టి సరిపోయింది, 1022లో నరేంద్రుడికి పట్టాభిషేకం జరిగింది. ఆ మేనమామ కూతురే అమ్మంగ. మాదీ మేనరికమే, మా అత్తగారు నాకు సొంత మేనత్త. అందుకే ఈ చుట్టరికం నాకు కాగితం మీద గీసుకోకుండానే అర్థమైంది.

భారతం అవతారికలో నరేంద్రుడు తన వంశాన్ని చంద్రుడితో మొదలుపెట్టి పూరువు, భరతుడు, కురువు, పాండురాజు అని వరసగా చెప్పుకుంటాడు. అందరూ మగవాళ్లే! కన్నతల్లీ, కట్టుకున్న భార్యా ఇద్దరూ సూర్యవంశం ఆడపడుచులైనా ఆ పద్యంలో వాళ్ల ఊసు లేదు. నన్నయ గారంటే ఎంత భక్తి ఉన్నా ఇక్కడికొచ్చేసరికి నాకు కాస్త ఉక్రోషమే.

అసలు చోళ సింహాసనం చేతులు మారింది అమ్మంగ వల్లనే. ఆమె అన్నదమ్ములు రాజాధిరాజు, రెండో రాజేంద్రుడు, వీరరాజేంద్రుడు ఒకరి తర్వాత ఒకరు ఏలారు. రాజాధిరాజు కొప్పం యుద్ధంలో ఏనుగు మీదే చనిపోతే, తమ్ముడు ఆ యుద్ధభూమిలోనే కిరీటం పెట్టుకున్నాడు. చివరికి వీరరాజేంద్రుడి కొడుకు అధిరాజేంద్రుడు 1070లో చనిపోయాడు. అప్పుడు గద్దె ఎక్కింది అమ్మంగ కొడుకు. అతనికీ తల్లి తరఫు తాత పేరే, రాజేంద్రుడు. 1061లో తండ్రి పోయాక వేంగి పినతండ్రి విజయాదిత్యుడి చేతికి పోయింది. ఆ కుర్రాడే చోళ చక్రవర్తి కులోత్తుంగుడై యాభై ఏళ్లు ఏలాడు. అతని పెళ్లీ మేనరికమే. భార్య మధురాంతకి రెండో రాజేంద్రుడి కూతురు, అంటే అమ్మంగకు మేనకోడలే కోడలైంది.

అమ్మంగ గురించి రాసిపెట్టింది ఆమె మనవడు వీరచోడుడి చెల్లూరు శాసనం. లక్ష్మీదేవితో పోల్చి ఒక్క శ్లోకంతో సరిపెట్టారు. మధురాంతకికీ అదే పోలిక. ఆ శాసనంలోనే ఇంకో ముచ్చట ఉంది. కులోత్తుంగుడు ముందు ముమ్మడిచోడుడు అనే కొడుకును వేంగి ఏలమని పంపాడు. ఏడాది తిరిగేసరికి అతను, రాజ్యం కన్నా అమ్మానాన్నల సేవే నాకు సుఖమంటూ వెనక్కి వచ్చేశాడట. అందుకే తర్వాత వీరచోడుణ్ణి పంపాల్సి వచ్చింది.